కదపకూడని కాలు

తొంభైల్లో ఓ క్రిస్మస్ సెలవుల్లో విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో నా ఎదుటి సీటాయన ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, ఆస్ట్రేలియాలో మనవాళ్లు ఆడుతున్న మ్యాచ్ వింటున్నాడు. ఉన్నట్టుండి నా మోకాలు పట్టుకున్నాడు.

“నువ్వు కాలు మీద కాలేసిన కాడినుంచి వికెట్టు పడనేదు బావా. కదపకు.”

గంటయ్యేసరికి కాలు మొద్దుబారిపోయింది. గెలవడానికి పది పరుగులే ఉన్నాయి, చేతిలో ఒక్కటే వికెట్టు. సరిగ్గా అప్పుడే రైలు సొరంగంలో దూరింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. చీకట్లో ఎవరు చూస్తారులే అని కాలు దించేశాను. వెలుగు రాకముందే మళ్లీ వేసుకున్నాను.

బయటపడేసరికి ఓడిపోయాం.

ఆయన నా కాలివంక చూశాడు. “కదిపీసినావేటి?”

“నేదు బావా.”

“మరెలాగ పోనాది?” అన్నాడు, బతిమాలుతున్నట్టు.

అరకు వచ్చేదాకా నేనా కాలు దించలేదు.