కాస్పర్ ముత్తాత మోసిన గంగాళం

కాస్పర్ హెఫ్టీ బాబాయ్‌తో ఏ సంగతి మొదలుపెట్టినా, మూడో మాటకల్లా అది ఆయన ముత్తాత వీపెక్కి కూర్చుంటుంది. స్విట్జర్లాండ్ నుంచి మా విస్కాన్సిన్ లోయకి ఆ మహానుభావుడు మోసుకురాని వస్తువు లేదు. గోడ గడియారం, ఆవు మెడలో గంట, పెరట్లో ఆపిల్ చెట్టు, అన్నీ ఆ వీపు మీదే వచ్చాయి.

"ఆవుని కూడా మోశాడా బాబాయ్?" అన్నానొకసారి.

"దూడగా ఉన్నప్పుడు ఎత్తుకున్నాడురా మార్టిన్. ఓడ దిగేసరికి అది ఆవైపోయింది. ఆయన తప్పా?"

చదువు నన్ను ఆరో తరగతిలోనే వదిలేసి పారిపోయింది గానీ, కోతలు కొయ్యడంలో లోయ మొత్తానికి నాకు సాటి లేరు. పాలబండి తోలుతూ ఇంటికో కథ పంచేవాణ్ణి. అలాంటి నేను కూడా కాస్పర్ ముందు టోపీ తీసేవాణ్ణి.

అన్నిటికన్నా పెద్ద కథ రాగి గంగాళానిది. చీజ్ కాచే ఆ గంగాళం మా ఫ్యాక్టరీ గుమ్మంలో వేలాడుతుంది. అందులో ఎద్దుకి స్నానం చేయించొచ్చు. మిసిసిపీ రేవు నుంచి దాన్ని ముత్తాత ఒక్కడే తెచ్చాడని కాస్పర్. మా తాతా ఓ చెయ్యి వేశాడని పాల సంఘం పెద్ద రూడీ ఎల్మర్. ఈ తగువుతో ఇద్దరూ చర్చిలో చెరో మూల కూర్చునేవాళ్లు.

"మీ తాతా? చిటికెన వేలు కూడా ఆనించలేదు!" అనేవాడు కాస్పర్, ప్రార్థన మధ్యలో కూడా.

ఆ వేసవిలో నోరా డూలీ అనే ఐరిష్ వితంతువు గుట్ట మీది పొలం కొనుక్కుని వచ్చింది. మా సంఘానికో పాత కట్టుబాటుంది. గంగాళంతో పాటు లోయకొచ్చిన వాళ్ల వంశాల పాలే ఫ్యాక్టరీలో పొయ్యాలి. నోరా తన పాలు దూరాన ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి తోలుకెళ్తే, ఆ ఎండకి దారిలోనే పాలు విరిగిపోతున్నాయి. ఓ పొద్దున కాస్పర్ నా బండిలో వస్తూ, ఆమె క్యానులు క్యానులుగా పాలు పందుల తొట్టిలో గుమ్మరించడం చూశాడు. ఇలాగే సాగితే ఆవుల్ని అమ్ముకుని పోవాల్సిందే.

ఆ రోజు దారి పొడుగునా ఆయన ముత్తాత ఊసెత్తలేదు. జ్వరమేమో అనుకున్నాను.

సంఘం సమావేశంలో నోరా అర్జీ చర్చకొచ్చింది. "కట్టుబాటు కట్టుబాటే," అన్నాడు రూడీ. నోరా శాలువా సర్దుకుని లేచింది.

"ఆగమ్మా," అన్నాడు కాస్పర్. "ఆ గంగాళం మా ముత్తాత ఒక్కడే మొయ్యలేదు."

ఫ్యాక్టరీలో పిల్లి కూడా పాలు తాగడం ఆపింది.

"కర్రకి కట్టి మోశారు. రెండో కొస పట్టినవాడు రేవులో కలిసిన ఓ ఐరిష్ మనిషి. పేరు డూలీ."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అన్నాడు రూడీ.

"గొప్ప పంచుకోవడం ఇష్టం లేక."

"మరి మా తాత?"

ముత్తాత వీపునే కోసిస్తున్నంత బాధ కాస్పర్ మొహంలో. "మూత... మీ తాత మోశాడు."

రూడీ మొహం వెలిగిపోయింది. "అందరూ విన్నారుగా? మూత లేని గంగాళం గంగాళమే కాదు! రేపట్నుంచి పాలు పంపించమ్మా నోరా."

బయటికొచ్చాక అడిగాను. "బాబాయ్, ఆ గంగాళానికి అసలు మూతే లేదుగా?"

"ఇప్పుడు లేదు. రూడీ తాత దారిలో పారేశాడు. ఆ మనిషి సంగతి నీకు తెలీదు."

మర్నాడు నోరా క్యానులు బండికెత్తుతుంటే కాస్పర్ అటుగా వచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుని, కాస్త నవ్వింది.

"కాస్పర్ గారూ, ఇంతకీ మా డూలీ ఎలాంటివాడండీ?"

కాస్పర్ గడ్డం నిమురుకున్నాడు. ఎంత పంచినా, ఏదో కొంచెం మిగుల్చుకోవాలి కదా.

"బద్ధకిష్టి. గుట్ట కనపడితే చాలు, దించి కూర్చుందామనేవాడు. సగం దారి మా ముత్తాతే ఆయన్ని కూడా మోశాడు."