మొగలిరేకు పెట్టుకున్న దెయ్యం

దెయ్యం వేషానికి ఆడపిల్ల దొరక్కపోతే భావనారాయణకు తన మేనత్త గుర్తొచ్చింది. ఇందులో కుర్రవాడి దుర్బుద్ధి ఏమీ లేదు. తెల్లచీర అరువు తెచ్చుకోనక్కర్లేని ఆడమనిషి వాడి ఎరుకలో ఆవిడ ఒక్కతే.

ఆవిడ పేరు లక్ష్మీకామేశ్వరి. శ్రీకూర్మంలో స్వామి కైంకర్యం చేసుకునే అప్పలనరసింహంగారి చెల్లెలు. కాపరానికి వెళ్ళిన మరుసటి ఏడే మొగుడు టైఫాయిడ్‌తో పోతే అన్నగారింటికి తిరిగి వచ్చేసింది. జుట్టు తీయించాలని పెద్దవాళ్ళు పట్టుబడితే అన్నగారు అడ్డుపడ్డారు. ఆ మేలు ఆవిడ ఎన్నడూ మరచిపోలేదు. మరచిపోనిచ్చిన వాళ్ళు కూడా ఎవరూ లేరు. వదిన బాలసరస్వతి చెడ్డమనిషేం కాదు. పండక్కి తను చీర కొనుక్కున్నప్పుడల్లా ఆడపడుచుకీ ఒకటి కొనేది, తెల్లది. పేరంటానికి బయల్దేరుతూ "ఇల్లు చూస్తూ ఉండు కామేశ్వరీ" అని చెప్పి మరీ వెళ్ళేది. అలా ఇల్లు చూస్తూ చూస్తూ కామేశ్వరికి నలభై దగ్గర పడ్డాయి.

భావనారాయణ విజయనగరంలో కాలేజీ చదువు వెలగబెడుతున్నాడు. వాడి స్నేహితుడు నరసింగరావుకి ఓడల మీద పనిచేసే మేనమామ ఒకాయన ఉన్నాడు. ఆయన సింగపూర్ నుంచి చేతిలో పట్టేంత సినిమా కెమెరా, బొమ్మ వేసే మిషనూ తెచ్చి మేనల్లుడికి ఇచ్చాడు. ఇంకేముంది, ఇద్దరూ దెయ్యం సినిమా తీసి కాలేజీ వార్షికోత్సవంలో వేయాలని తీర్మానించుకున్నారు. తీరా చూస్తే ఉన్న ఫిలిం ఏ మూలకీ రాదు. "ముందు ట్రైలర్ తియ్యండి. దసరాకి వచ్చి చూస్తాను. జనం జడుసుకున్నారంటే మిగతా ఫిలిం నేనే తెచ్చిస్తాను" అని చెప్పి మేనమామ ఓడెక్కేశాడు. అందుచేత సినిమా లేకుండానే ట్రైలర్ మొదలైంది. కథేమిటని ఎవరైనా అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

"మొహం కనిపించదత్తా. జుట్టు ముందుకి వేసుకుని ఇసకలో నడిస్తే చాలు. నాన్నకి తెలియనివ్వను" అని బతిమాలాడు భావనారాయణ.

"దెయ్యం ఎలా నడుస్తాదిరా?"

"నువ్వు రోజూ నడిచినట్టే నడు."

సముద్రస్నానమని ఇంట్లో చెప్పి ముగ్గురూ ఇసకదిబ్బల వైపు వెళ్ళారు. కామేశ్వరి నడిచింది. ఫిలిం పోస్టులో బొంబాయి వెళ్ళి, కడిగించుకుని తిరిగి వచ్చింది. హాస్టల్ గదిలో కిటికీలు మూసి, గోడకి పంచె కట్టి, కుర్రవాళ్ళకు వేసి చూపించారు. కుర్రవాళ్ళు విరగబడి నవ్వారు. "మా నాయనమ్మ నన్ను లేపడానికి వస్తన్నట్టున్నాదిరా" అన్నాడొకడు. పోనీ ఏం పెడితే భయమేస్తుందో చెప్పండర్రా అని అడిగితే, కోరలు పెట్టమని ఒకడు, పరిగెత్తించమని ఒకడు, కుక్క ఏడుపు పెట్టమని ఇంకొకడు. ఆ మిషన్‌కి మాటే రాదన్న సంగతి కుక్క ఏడుపు అడిగినవాడికి పట్టలేదు. ఆ ఏడుపేదో పంచె వెనక నిలబడి నరసింగరావే ఏడవాలని తేల్చారు.

"భయపడ్డారా?" అని సెలవులకొచ్చిన మేనల్లుణ్ణి అడిగింది కామేశ్వరి.

"లేదత్తా. నవ్వీసేరు."

ఆవిడకి హాయిగా అనిపించింది. వెంటనే చిన్నతనంగానూ అనిపించింది. రెండింట్లో ఏది తనదో తెలియక పప్పు పొయ్యి మీద పెట్టి ఉప్పు రెండుసార్లు వేసింది.

రెండోసారి షూటింగుకి ముల్లంగి చెక్కి కోరలు చేశారు. ఆ కోరలు పెట్టుకుని దిబ్బల మీద పరిగెత్తేసరికి కామేశ్వరికి నోరు మండిపోయింది, ఆయాసం వచ్చింది. కోరలు ఉమ్మేసి, మొహం మీది జుట్టు వెనక్కి ముడేసుకుని ఒక పక్కన కూర్చుంది. అవతల మగపిల్లలిద్దరూ ఎండ ఎటు పడాలో తేలక కీచులాడుకుంటున్నారు. వెనక మొగలిపొదలు పూసి ఉన్నాయి. ఆ వాసనకి ఉండబట్టలేకపోయింది. ముళ్ళు గీరుకుపోయినా లెక్కచేయక ఒక పొత్తి లాగి, లోపలి లేత రేకు ఒలిచి వాసన చూసుకుంది. అటూ ఇటూ చూసి సిగలో తురుముకుంది. తనలో తనే నవ్వుకుంది. ఆ వెంటనే తీసి ఇసకలో పారేసింది. ఎవరూ చూడలేదనే అనుకుంది.

ఆ ఫిలిం కూడా బొంబాయి వెళ్ళి వచ్చింది. ఈసారి బొమ్మ కళింగపట్నంలో వేశారు. అక్కడ నరసింగరావు బంధువుకి గోగునార గోదాము ఉంది, కరెంటూ ఉంది. తలుపులు మూస్తే పట్టపగలే చీకటి. గార అనే ఊళ్ళో చుట్టాల్ని చూసి వస్తానని ఇంట్లో చెప్పి కామేశ్వరి కూడా మేనల్లుడితో వెళ్ళి వెనక మూల గోనెల మీద కూర్చుంది. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు.

పంచె మీద తెల్లచీర కదిలింది. వెనకనుంచి నరసింగరావు కుక్కలా ఏడ్చాడు. ఎవరూ జడుసుకోలేదు. కామేశ్వరి ముందు కూర్చున్న దాలమ్మ అనే ఆవిడ మాత్రం నిట్టూర్చింది.

"ఎవులమ్మా ఆ యమ్మ? ఎండలో ఒక్కర్తీ అలా తిరగతన్నాది. అన్నదమ్ములు లేరేటి?"

"కూర్మం తీర్తానికెలితే ఈదికో నలుగురు కనిపిస్తారే ఇలాటోలు. కూడు తిన్నాదో నేదో" అంది పక్కనున్న అసిరమ్మ.

ఆ ఆడవాళ్ళు కామేశ్వరిని చూడకుండానే ఆవిడ సంగతి మాట్లాడుకుంటున్నారు. లేచిపోదామనుకుంది. అంతలో బొమ్మ మారింది. ఇసక మీద కూర్చున్న ఒక ఆడది రేకు వాసన చూసుకుని, తలలో పెట్టుకుని, ఎవరికోసమూ కాకుండా నవ్వింది. ఆ రోజు కీచులాటలో నరసింగరావు దిబ్బ మీద ఆవిడ వైపు తిప్పి పెట్టిన కెమెరా ఆపడం మరిచిపోయాడు. పారేయడానికి మనసొప్పక, నిడివి చాలలేదని ఆ ముక్కని చివర అతికించేశారు. అత్తతో చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ నవ్వే మనిషి ఎవరో కామేశ్వరి వెంటనే పోల్చుకోలేదు. పోల్చుకున్నాక కళ్ళు తిప్పుకోలేకపోయింది. బాగుంది ఆవిడ. ఈ మాట పైకి అనడానికి సిగ్గుపడే మనిషి గానీ, మనసులో మాత్రం అనుకుంది, నేను బాగున్నాను అని.

తలుపులు తీసి భావనారాయణ అందరినీ అడిగాడు. "ఏటమ్మా, భయం వేసిందా?"

"భయమేటి బాబూ" అంది దాలమ్మ. "మొదట్లో ఆ యమ్మని సూస్తే కడుపు తరుక్కుపోయినాది. ఆకర్ని పువ్వెట్టుకుని నవ్వినాది సూడు, అప్పటికి పేణం కుదటపడ్డాది. పట్టిన దెయ్యం వొదిలీసినట్టున్నాది. ఆ ముక్క మల్లొకసారి ఎయ్యి బాబూ."

మళ్ళీ వేశారు. అందరితోపాటు కామేశ్వరి కూడా నవ్వుతూ చూసింది.

నరసింగరావుకి మాత్రం పాలుపోలేదు. దెయ్యాన్ని చూపిస్తే జాలిపడ్డారు, పొరపాటు ముక్క చూపిస్తే సంతోషించారు. "ఆ ముక్క కత్తిరించేద్దాంరా. ఉన్న కాస్త భయం కూడా దాంతో పోతోంది" అన్నాడు. తీసేముందు ఇంకొక చోట అడిగి చూద్దామని భావనారాయణ ఆపాడు. ఇంకొక చోటంటే వాడికి సొంత ఇల్లు తప్ప ఏదీ తట్టలేదు.

ఆ మాట వినగానే కామేశ్వరి వద్దనబోయి ఆగింది. ముక్క తీసేస్తారేమోనని ఒక పక్క దిగులు. వేస్తే తనని గుర్తుపడతారని ఇంకొక పక్క బెంగ. గుర్తుపడితే అన్నగారింట్లో తన చోటు ఏమవుతుందో ఊహించడానికే భయపడింది. అయినా గుర్తుపట్టాలనే కోరిక కూడా లోపలెక్కడో ఉంది. ఇంత గందరగోళం ఆవిడ జన్మలో ఎరగదు.

అప్పలనరసింహంగారు గుడికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం వీధిలో ముత్తయిదువులంతా హాల్లో చేరారు. ఇంట్లో కరెంటు ఉన్నది ఆ హాల్లో ఒక్కచోటే, అక్కడే తలుపులు మూసి గోడకి పంచె కట్టారు. విజయనగరం నాటకాల కంపెనీ నుంచి ఒకావిణ్ణి తెచ్చి తీశామని భావనారాయణ అందరికీ చెప్పాడు. కామేశ్వరి వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పక్కనే బాలసరస్వతి.

మొదటి భాగం నడుస్తుంటే ఆడవాళ్ళు వక్కపలుకులు నములుతూ ఊరి కబుర్లు చెప్పుకున్నారు. తెల్లచీరలో ఎవరికీ వింత కనిపించలేదు. కోరలు చూసి ఒకరిద్దరు నవ్వారు. తర్వాత మొగలిరేకు వచ్చింది.

హాల్లో గాజుల చప్పుడు ఆగిపోయింది. రేకు సిగలోకి వెళ్ళేసరికి ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. నవ్వు వచ్చేసరికి ఒక ముసలావిడ "ఆపండ్రా, ఆపీండి" అంది. బాలసరస్వతి చప్పున కామేశ్వరి చెయ్యి పట్టుకుంది. కామేశ్వరి తెర వంక చూసింది. కళింగపట్నంలో చూసిన మనిషే, అదే రేకు, అదే నవ్వు. కానీ ఈసారి కామేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అంతసేపూ మామూలుగానే ఉంది కదర్రా" అంది ముసలావిడ, దీపం వెలిగాక. "తెల్లచీర కట్టుకున్నది పువ్వు పెట్టుకుని అలా నవ్వుతాదా ఎక్కడైనా? అది మనిషి నవ్వు కాదు."

"అలాటిదాన్ని గుమ్మంలో అడుగు పెట్టనివ్వకూడదు" అంది బాలసరస్వతి. కామేశ్వరి చెయ్యి ఇంకా వదల్లేదు.

ఎవరూ గుర్తుపట్టలేదు. కొంప మునగలేదని కామేశ్వరి సంతోషించాల్సిందే. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో తిరిగిన వదినకి తన మొహం తెలియలేదేమా అని ఏడుపొచ్చింది.

ఆడవాళ్ళు వెళ్ళాక కుర్రాళ్ళిద్దరూ పెరట్లో చేరారు. నరసింగరావు ఎగిరి గంతేస్తున్నాడు. "అదే అసలు ముక్క. అదే మొదట పెడదాం. మావయ్య తప్పకుండా ఫిలిం తెస్తాడు" అన్నాడు. భావనారాయణ మాత్రం తల గోక్కుంటున్నాడు. అక్కడ దెయ్యం వదిలిందన్న చోటే ఇక్కడ దెయ్యం పట్టిందంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియలేదు. నూతి దగ్గర గిన్నెలు కడుగుతున్న మేనత్త దగ్గరికి వెళ్ళాడు.

"నిన్ను అడగనేలేదు కదత్తా. నీకు భయం వేసిందా?"

కామేశ్వరి తోముతున్న గిన్నె కడిగి బోర్లించింది.

"అక్కడ వెయ్యలేదురా. ఇక్కడ వేసింది."

"ఒకటే బొమ్మ కదత్తా."

"అదే నాకూ అర్థం కావడం లేదు. అక్కడ చూస్తే నేనే అనిపించింది. ఇక్కడ వీళ్ళందరి మధ్యనా చూస్తే, ఎవరో అనిపించి జడుసుకున్నాను."

భావనారాయణ నూతి గట్టు మీద చతికిలబడ్డాడు. "మరి ఆ ముక్క ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

"ఉంచండి. వీళ్ళకి దెయ్యమనే చెప్పుకోండి, నాకేం. కానీ కళింగపట్నంలో మళ్ళీ ఎప్పుడైనా వేస్తే నన్ను తీసుకెళ్ళు. నేనింకోసారి చూసుకోవాలి" అని, కళ్ళు తుడుచుకుంది.

పొద్దు వాలుతోంది. లోపలి నుంచి బాలసరస్వతి పిలిచింది.

"కామేశ్వరీ, గదిలో దీపం పెట్టాలే. ఆ నవ్వు కళ్ళల్లోంచి పోవడం లేదు, ఒక్కదాన్నీ వెళ్ళలేకపోతన్నాను. కాస్త తోడు రా."

కామేశ్వరి చేతులు కడుక్కుని తోడు వెళ్ళింది.