రెండు టైర్లకు దీవెన లేదు

మా ఆయన జుమాదిల్‌కు ముక్కు మీదే కోపం. డోలోన్ కనుమ కింద టైర్లు బిగించే కొట్టు మాది. ముప్పై ఏళ్లలో ఆయన చేత తిట్లు తినకుండా ఈ కొట్టు దాటిన డ్రైవరు లేడు.

మొన్న తొలి మంచు పడిన పొద్దున టాక్సీ డ్రైవరు తాలాయ్ వచ్చాడు. కారులో నలుగురు ప్రయాణికులు. బజారులో కొన్న, మంచు మీద జారని రెండు కొత్త చలికాలం టైర్లు దింపాడు.

"ముందు చక్రాలకి వేసెయ్ తాతా. బండిని లాగేవి అవేగా!"

"మరి వెనకవి?"

"ఎండాకాలంవే ఉంటాయి. నాలుగూ కొనాలంటే నన్ను నేను అమ్ముకోవాలి."

"నిన్నెవడు కొంటాడ్రా వెధవా! ఆ రెండూ నాకిచ్చి, వాడిన చలికాలం టైర్లు నాలుగు పట్టుకెళ్లు. రెండు చలికాలాలే తిరిగాయి. మంచును పట్టుకునే మేకులు ఊడలేదు, రబ్బరు గట్టిపడలేదు. గోరుతో నొక్కి చూసుకో."

"పాత టైర్లు చూస్తే నా బండి ఎవడెక్కుతాడు? నువ్వు బిగిస్తావా, పక్క కొట్టుకి పోనా?"

"పో!"

పోయాడు. బిగించుకుని, సిగ్గు లేకుండా మళ్లీ మా ముందే ఆపాడు. కనుమ ఎక్కేముందు పెద్దవాళ్ల దీవెన తీసుకోవాలి కదా, ఈ దారికి పెద్ద మా ఆయనే. కారులో నలుగురూ అప్పటికే అరచేతులు చాపారు.

జుమాదిల్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "ఇవ్వను."

వెనక సీట్లో ముసలమ్మ అదిరిపడింది. "అదేం మాట అన్నా! దీవెన అడిగితే లేదంటారా?"

"దిగుడులో బ్రేకు వేస్తే ముందువి పట్టుకుంటాయి చెల్లీ, వెనకవి జారి బండి గిర్రున తిరుగుతుంది. నా కూతురి బండికీ రెండే బిగించాను. రెండు చాలని అల్లుడికి చెప్పింది నేనే. ఈ చేతులతోనే దీవించి పంపాను."

ముసలమ్మ మూట తీసుకుని దిగింది. మిగతా ముగ్గురూ దిగారు. తాలాయ్ నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి కొత్తవి ఇచ్చేసి ఆ నాలుగూ వేయించుకున్నాడు. అప్పుడు దీవెన దొరికింది.

కారు వెళ్లాక ఆయన టీ అడిగాడు. నేనివ్వలేదు. ఒళ్లు మండిపోతోంది. మా అమ్మాయి ఐచురెక్ ఆ బండిలో పోయి పదకొండేళ్లు. అన్నేళ్లూ ఈయన మంచును తిట్టాడు, బండి నడిపిన అల్లుణ్ణి తిట్టాడు, టైర్ల మాట మాత్రం ఎత్తలేదు. నేను నమ్మాను. అల్లుడు మూడుసార్లు మా గుమ్మం దాకా వచ్చాడు. మూడుసార్లూ మొహాన తలుపు వేశాను.