ఎక్కనన్న బండి

లైన్‌మ్యాన్ గారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పగానే, నేను మా అన్నయ్య చేత వాళ్ల ఊళ్లో ఇంకొకరికి ఫోన్ చేయించాను. నిజమేనన్నారు. నిద్రలోనే గుండె ఆగిందట. అప్పుడు గాని నాకు ఏడుపు రాలేదు. చావు కబురు కూడా రెండో మనిషి చెబితే తప్ప నమ్మని బుద్ధి నాది. ఇలాంటిదాన్ని ఆయన తొమ్మిదేళ్లు ఎలా భరించారో తెలియదు. ఆయనకు నేనొక మాట చెప్పాల్సి ఉండిపోయింది. అది మీకు చెప్పుకుందామని రాస్తున్నాను.

ఆయన్ని మొదటిసారి చూసిన రోజు నాకు టీచరు ఉద్యోగం పరీక్ష. అప్పటికే రెండుసార్లు రాసి పోగొట్టుకున్నాను. ఈసారీ పోతే ప్రైవేటు స్కూలు చాకిరీకే అలవాటు పడిపోవాలి. సెంటరు రాజమండ్రికి కాస్త ఇవతల. బస్సును నమ్మబుద్ధి కాక, రామచంద్రపురం నుంచి స్కూటీ మీద బయల్దేరాను. ద్వారపూడి దాటాక కాలవ పక్కన స్కూటీ ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రం కదలదు. సెంటరు గేటు మూయడానికి ముప్పావుగంట ఉంది. వచ్చిన ఆటోలన్నీ కిటకిటలాడుతున్నాయి.

మా వైపు రోడ్డు మీద బండి ఆగితే, వెళ్లేవాళ్లు వేగం తగ్గించి "పెట్రోలా, పంక్చరా?" అని అడిగి వెళ్లడం మామూలే. అందరికీ అది మర్యాద. నాకు మాత్రం అది ఎర వేసినట్టు ఉండేది. ఆ రోజు అలా అడిగింది ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన.

"రెండూ కాదండి. మా అన్నయ్య వస్తున్నాడు," అని అబద్ధమాడాను. అన్నయ్య అప్పుడు కాకినాడలో ఉన్నాడు.

"మంచిదేనమ్మా. వచ్చేదాకా నేనూ ఉంటాను," అని ఆయన బండికి స్టాండు వేశారు.

ఆయన అటు తిరగగానే బండి నంబరు ఫోటో తీశాను. ఆయన చూడనే చూశారు. వంగి, నంబరు ప్లేటు మీది బురదను జేబురుమాలుతో తుడిచారు.

"ఇప్పుడు తియ్యమ్మా. ఇందాకటి దాంట్లో మూడో ఎనిమిదో తెలీదు."

ఈలోగా ఇంకో బండి ఆగింది. వెనకాల కొబ్బరికాయల బస్తా కట్టుకున్న మనిషి. "ఏంటండీ, ఏమైంది?" అంటూ దిగాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే మాట్లాడుకున్నారు. ఎరిగుండీ నటిస్తున్నారేమోనని నాకు ఇంకో అనుమానం. ఆ కొబ్బరికాయలాయన నా స్కూటీ శబ్దం విని, బెల్టు తెగిందన్నాడు. మెకానిక్కు దొరికినా గంట పనట.

గంట అనేసరికి నాకు కళ్లనీళ్లు తిరిగి, పరీక్ష సంగతి బయటపెట్టేశాను.

"ముందే చెప్పొద్దా! బండికి తాళం వేసి నా వెనకెక్కు. ఇరవై నిమిషాల్లో దింపేస్తాను," అన్నారు పెద్దాయన.

"ఎక్కనండి."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "సరే, ఎక్కకు. నీ బండి మీదే కూచో, నేను కాలుతో నెడతాను. హ్యాండిలు నీదే, బ్రేకు నీదే. అనుమానం వచ్చినచోట బ్రేకెయ్యి. నన్ను నమ్మక్కర్లేదమ్మా, పరీక్షకి చేరితే చాలు."

పన్నెండు కిలోమీటర్లు. తన బండి నడుపుతూ, నా స్కూటీ ఫుట్‌రెస్టుకు ఎడమ కాలు ఆనించి నెట్టుకొచ్చారు. నేను నిజంగానే రెండుసార్లు బ్రేకేశాను. ఒకసారి, ఆ కొబ్బరికాయలాయన ఇంకా మా వెనకెందుకు వస్తున్నాడని. "పెద్దాయన కాలు పట్టేస్తే నేను నెడదామనండి," అన్నాడతను. ఇంకోసారి, పెద్దాయన "ఎడమకి తిప్పు" అన్నప్పుడు. ఆ దారి నిజమో కాదో పూలతోట దగ్గర నిలబడ్డ ఒకావిణ్ణి అడిగి గాని కదల్లేదు. ఆయన ఆగి, వాచీ చూసుకుని, మళ్లీ కాలు ఆనించారు. చివరి రెండు కిలోమీటర్లు రెండో ఆయన నెట్టాడు. గేటు మూయబోతుండగా లోపలికి పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూడలేదు, దండం కూడా పెట్టలేదు. బయటికొచ్చేసరికి ఇద్దరూ లేరు.

ఉద్యోగం వచ్చింది. ఫోటోలో నంబరు ఉండనే ఉంది. దాన్ని పట్టుకుని అన్నయ్య ఆరా తీస్తే, ఆయన మండపేట దగ్గర ఊళ్లో కరెంటు లైన్‌మ్యాన్ అని తెలిసింది. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని ఇద్దరం వెళ్లాం. సగం కృతజ్ఞత, సగం ఆయనకేం కావాలో కనుక్కుందామని.

ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా, బండెక్కనన్న అమ్మాయివి? స్తంభం మీంచి పడి రాడ్డు వేయించుకున్న కాలమ్మా అది. నిన్ను దింపొచ్చి పది రోజులు కింద పెట్టలేదు."

"ఊరుకోవే," అని కసిరి, ఆయన నావైపు తిరిగారు. "లైను ఆఫ్ చేశామని సబ్‌స్టేషన్ వాళ్లు చెప్పినా, నేను టెస్టరు పెట్టి చూస్తే గాని తీగ ముట్టుకోను. వాళ్లు నాకు శత్రువులా? కాదు కదా. నువ్వూ అంతే చేశావు."

ఆ మాటతో నా తప్పును తప్పు కాకుండా చేసేశారు. క్షమించమని అడగడానికి నాకు చోటే మిగల్లేదు.

తర్వాత రాకపోకలు పెరిగాయి. ఎప్పుడు వెళ్లినా ముందు నా స్కూటీ టైర్లు బొటనవేలితో నొక్కి చూసి, ఆ తర్వాత నన్ను పలకరించేవారు. సొంత ఇంట్లో ఫ్యూజు తన చేత్తోనే పీకి, మళ్లీ టెస్టరు పెట్టి చూసేవారు. నేను మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాను. మనవడికి స్కూల్లో సీటో, ఎవరికో సిఫార్సో, ఏదో ఒకరోజు అడగకపోతారా అని. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. తొమ్మిదేళ్లూ అలాగే చూశాను.

ఒక్కసారే అడిగారు, మొన్న రెండు నెలల కిందట. కంటి ఆపరేషన్ తర్వాత చూపించుకోవాలి, బండి నడపొద్దన్నారట. "నీ వెనక కూచోబెట్టుకుని తీసుకెళ్తావా అమ్మా?"

వచ్చేటప్పుడు వంతెన దగ్గర రోడ్డు తవ్వేసి ఉంటే, ఎన్నడూ వెళ్లని ఒక గట్టు దారికి తిప్పాను. ఆ దారి ఎక్కడికి పోతుందో నాకే తెలియదు. "ఎటమ్మా?" అని అడుగుతారనుకున్నాను. అడగలేదు. ఇక ఆపుకోలేక ముందుకు చూస్తూనే అనేశాను.

"ఆ రోజు నేను మీ బండెక్కాల్సిందండి. ఎక్కుంటే మీ కాలు అంత బాధపడేది కాదు. నన్ను క్షమించండి."

అద్దంలో చూశాను. నల్లకళ్లద్దాలు ముక్కు మీదికి జారి, నోరు కొద్దిగా తెరుచుకుని, ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నారు. గట్టంతా గుంటలు. వేగం తగ్గించి, ఆయన తల జారిపోకుండా ఆ భుజాన్ని కాస్త ఎత్తి పట్టుకుని, ఒక్కో గుంటే తప్పించుకుంటూ నడిపాను.