పొడి చీపురు

ఇసుకగాలి వెలిశాక బాల్కనీ తలుపు తీస్తే పొడి దుమ్ము వాసన గుప్పుమంది. ఈ దోహాలోనే చదివిన నా ఎనిమిదో తరగతి గది గుర్తొచ్చింది.

చమురు డబ్బుతో ఊరంతా కొత్త మేడలు లేస్తున్న రోజులవి. మా భారతీయ బడిలో రెండు క్లబ్బులుండేవి. సోషల్ క్లబ్బులో అబ్బాయిలు ఉపన్యాసాలిచ్చేవారు. సర్వీస్ క్లబ్బులో అమ్మాయిలం ఇసుకగాలి వచ్చినప్పుడల్లా గదులు ఊడ్చేవాళ్ళం. "మెల్లగ వంతులు మారుస్త" అని రెండు క్లబ్బులూ చూసే కరీంనగర్ లెక్కల సారు మొదటి రోజే అన్నారు. నేను నమ్మాను. అద్దం ముందు నిలబడి నా ఉపన్యాసం బట్టీ కూడా పట్టాను. ఏడాది గడిచినా నా వంతు రాలేదు.

ఒకరోజు గాలి ఆగగానే సభ పెట్టారు. క్లాసు లీడరు "సేవే మన ధర్మం" అంటూ అందుకున్నాడు. నన్నేమో వెనక బెంచీల కింద ఊడవమన్నారు. ఎప్పుడూ నీళ్ళు చల్లి ఊడ్చేదాన్ని. ఆ రోజు చల్లలేదు. బరబరా ఊడ్చుకుంటూ నల్లబల్ల దాకా వెళ్ళాను. లీడరు దగ్గుతూ కూలబడ్డాడు.

"ఏందమ్మా, నీళ్ళెందుకు సల్లలే?" సారు అరిచారు.

"ఊడవడం నా వంతు సార్. నీళ్ళు ఈ అబ్బాయిలను చల్లమనండి."

నన్ను క్లబ్బులోంచి తీసేశారు. గెలిచాననుకున్నాను. మర్నాడు చూస్తే నా చీపురు ఇంకో అమ్మాయి చేతిలో ఉంది.

ఇవాళ చీపురు మా అబ్బాయికిచ్చాను. నాలుగుసార్లు ఊడ్చి ఆగిపోయాడు.

"దుమ్ము లేస్తోందమ్మా."

"లేవనీ. ఊడువు."