వేపాకు మచ్చ

ఈ ఉదయం బియ్యం డబ్బా మూత తీయగానే ఎండిన వేపాకు వాసన వచ్చింది. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కామారెడ్డి కాలేజీలో ఒక చీకటి గది, అందులో నీలంగా వెలిగే మచ్చలు, సుగుణ మేడం గొంతు గుర్తొచ్చాయి.

మేడం వృక్షశాస్త్రం చెప్పేవారు. నేను పత్రికలో కొత్త విలేకరిని. మొక్కలు ఒత్తి ఆరబెట్టుకోవడానికి పాత పేపర్లు ఇచ్చి వచ్చేవాణ్ణి. సముద్రం ఎక్కడో ఉండగా, ఆమె బల్ల మీద అండమాన్ దీవులు ఉండేవి. సెలవుల్లో వెళ్లి, రెండు దీవుల నుంచి పొదల ఆకులు తెచ్చారు. చూడటానికి ఒకే తీరు. ఒకే జాతా, రెండు జాతులా? కళ్లకు తేలదు కనుక ఆకు లోపలి రసాయనాలనే అడగాలనేవారు. ఆకుపొడిని స్పిరిట్‌లో నానబెట్టి, ఆ చుక్కను కాగితం అంచున పెట్టి, అంచును ద్రావకంలో నిలిపేవారు. తడి మెల్లగా పైకి పాకుతుంటే పచ్చ, పసుపు చారలు విడిపోయేవి. కిటికీలు మూసి అతినీలలోహిత దీపం వేస్తే, మామూలు కంటికి అందనివి కూడా వెలిగేవి. నాకవి నీళ్లలో తేలే దీవుల్లా ఉండేవి.

ఒక మధ్యాహ్నం రెండో దీవి ఆకులో నీలం మచ్చ ఒకటి ఎక్కువ వచ్చింది. మళ్లీ చేసినా వచ్చింది. కొత్త జాతి అని తేలితే, నాట్లేసి తనను చదివించిన తల్లి పోశవ్వ పేరు దానికి పెట్టాలని మేడం కోరిక. నేను వార్త రాసి సిద్ధంగా పెట్టాను.

ఆ దీవి ఆకుల కట్టలు ఎల్లారెడ్డిలో తల్లి దగ్గరే ఉండేవి; మేడం ఆమెను అవ్వా అనే పిలిచేవారు. మిగిలినవి తేవడానికి వెళ్లాం. కట్ట విప్పి, వాసన చూసి మేడం ఆగిపోయారు. కాగితాల మధ్య వేపాకు నలిగి పొడైంది.

"అవ్వా, గిండ్ల వేపాకు ఏసినవా?"

"ఏసిన బిడ్డా. పప్పుకే పురుగు పడ్తది, ఆకుకు పట్టదా? గంత దూరంకెల్లి తెచ్చుకుంటివి."

మేడం కోప్పడలేదు. పెరట్లో రెండు వేప రెమ్మలు తుంచుకున్నారు. కామారెడ్డి వచ్చాక ఆ రసం చుక్కను దీవి ఆకు పక్కనే పెట్టారు. చీకట్లో ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. వేప మచ్చ పాకి పాకి, ఆ నీలం మచ్చ సరసనే ఆగింది. వేపపొడి దులిపి చేస్తే దీవి ఆకులో ఆ మచ్చే లేదు. రెండు దీవుల ఆకులకు తేడా మిగలలేదు.

"వార్త ఆపు తమ్మీ. వేపకు మా అవ్వ పేరు పెట్టలేం గద" అని నవ్వారు. దీపం ఆర్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

సంగతి తెలిసి పోశవ్వ, తన పేరు తనకుంది కదా, చెట్టుకెందుకు అన్నదట.

ఇన్నేళ్ల తర్వాత కూడా, ఏ కబురైనా మరీ కొత్తగా మెరిస్తే, అది ఎవరి ఇంటి మీదుగా నా దాకా వచ్చిందో కనుక్కుంటాను. మేడం నేర్పింది అదే. బియ్యం కొలుచుకుని, చేతికొచ్చిన వేపాకును మళ్లీ లోపలే వేసి మూత పెట్టాను.