నడుం వాల్చొద్దన్నారు

వారానికి ఒక్క మాత్ర. ఆ ఒక్కదానికి ఇంటిల్లిపాదీ డాక్టర్లైపోయారు. టైలరమ్మకు ఒళ్ళు మండిపోతోంది.

ఆమధ్య ఉతికిన బట్టల బుట్ట పట్టుకొస్తుంటే నైటీ అంచు కాలికి అడ్డం పడి గడప దగ్గర బోర్లాపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక, ఎముకలు గుల్లబారాయని చెప్పి డాక్టరమ్మ ఈ మాత్ర రాసింది. ప్యాంట్ల అంచులు మడవడం, కాలర్లు తిప్పడం, బిగుతైన చొక్కాలు వదులు చెయ్యడం, ఇదే పని; ముందుగదిలోని కుట్టుమిషనే ఆవిడ లోకం. ఆ చెయ్యి ఇంకోసారి విరిగితే కత్తెర పట్టే యోగం ఉండదని ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు.

అయినా మాత్ర మానేసింది. వేసుకున్న రోజల్లా గుండెల్లో నిప్పులు పోసినట్టుంటే ఎవరు మాత్రం మింగుతారు?

దానికి తోడు ఆడపడుచు. ఆవిడ లేనప్పుడు ఇంట్లో అందరూ ఆవిణ్ణి రేడియో అంటారు. మాత్రల డబ్బాలోని కాగితం విప్పి, కళ్ళజోడు సవరించుకుని, వార్తలు చదివినట్టు చదివింది.

“విన్నావా వదినా? దవడ ఎముక పాడవ్వచ్చంట. తొడ ఎముక విరగొచ్చంట! ఎముక విరక్కుండా వేసుకునే మాత్రకి ఎముక విరగడమేంటి? కొరివితో తల గోక్కోవడం కాకపోతే!”

“దవడే పోతే గుండుసూదులు ఎక్కడ పెట్టుకోను?” అంది టైలరమ్మ, సూదులు పళ్ళ మధ్య పట్టుకునే.

భర్త గోడమీద పిల్లి. “డాక్టరు ఊరికే రాయదు కదా,” అంటాడు. మంట అనగానే “పడకపోతే మానెయ్,” అంటాడు. అటో ఇటో తేల్చని ఆ మనిషితో వేగలేక, ఆవిడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“ఎవరు మానమన్నారు?”

“మంట మానమంది.”

“ఎలా వేసుకున్నారు?”

“మీరు చెప్పినట్టే. పరగడుపున, గ్లాసుడు నీళ్ళతో. అరగంట నడుం వాల్చొద్దన్నారు, వాల్చలేదు.”

“మరి ఆ అరగంట ఏం చేశారు?”

“ఏం చేస్తానండీ, పని. నేల మీద గుడ్డ పరుచుకుని, వంగి కత్తిరించుకున్నా.”

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. “అమ్మా, వాల్చొద్దంటే వంచమని కాదు! నిటారుగా ఉండాలి. వంగితే ఆ మందు పైకి ఎగదన్ని గొంతు కిందంతా కాలుస్తుంది.”

“నడుం వంచి పని చేసినందుకు నన్ను కేకలేసింది లోకంలో మీరొక్కరే.”

డాక్టరమ్మ నవ్వి, దవడ సంగతి కూడా దాచకుండా చెప్పింది. “నిజమే, కానీ చాలా అరుదు. ముందు పళ్ళు చూపించుకోండి, పీకాల్సినవి ఉంటే పీకించేసుకోండి. తొడ ఎముక సంగతి ఏళ్ళ తరబడి వాడితే వచ్చేది, అదీ ఎవరికో. కొన్నేళ్ళు పోయాక ఆపాలా వద్దా చూద్దాం. మంట తగ్గకపోతే వేరే మందుంది. ఒక ఎముక విరిగినవాళ్ళకి రెండోది విరగడం మాత్రం అంత అరుదు కాదు.”

దారి పొడుగునా టైలరమ్మ చిటపటలాడుతూనే ఉంది. అరుదట! ఆ ఎవరో తనే అయితే? అలాగని వేసుకోకపోతే చెయ్యి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పళ్ళు చూపించుకుంది. వాటికేం దోషం లేదన్నారు. ఇక వంక దొరక్క, ఆ వారం మాత్ర మింగి ముందుగదిలో నిలబడింది. బడిలో గోడకుర్చీ వేయించినట్టుంది. బల్ల మీద పని కుప్పలా పడి ఉంది, ముట్టుకోవడానికి లేదు. విసుగ్గా నిలువుటద్దం వైపు తిరిగింది.

ఆ అద్దంలో ఆవిడ ఎప్పుడూ మోకాళ్ళ మీదే కనబడేది, ఎవరిదో అంచు సరిచేస్తూ. ఇవాళే నిటారుగా నిలబడి తనని తాను చూసుకుంది. నైటీ నేలమీద జీరాడుతోంది. పడ్డ రోజు వేసుకున్నది ఇదే. ‘పాడు గుడ్డ, సాగిపోయింది,’ అని దాన్నే తిట్టుకుంది. తన కొలతకి, చీలమండల పైకి తనే కుట్టుకున్న నైటీ. గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది గానీ పొడుగు పెరగదు. కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ చెప్పే మాటే అది.

గుడ్డ పెరగలేదు. గుల్లబారిన ఎముకలు కుంగి, తను ఎత్తు తగ్గింది.

ఆవిడకి భయం వేసింది. ఆడపడుచు కాగితం చదివినప్పుడు వేసిన భయం కాదిది, నిజం భయం.

“ఏవండీ, గుండుసూదులు పట్టుకురండి.”

“అరగంట కాలేదు, వంగకూడదన్నారుగా?”

“వంగేది నేను కాదు, మీరు. అంచు పైకి మడిచి సూదులు పెట్టండి.”

ఆయన మూలుగుతూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంచు వంకరగా మడిచాడు. వంగి సరిచెయ్యాలని ఆవిడ చేతులు దురదపెడుతున్నాయి, అయినా కదల్లేదు.

“వచ్చేవారం మాత్ర గుర్తుచెయ్యండి,” అంది. “ఈ నైటీ మళ్ళీ మళ్ళీ పొట్టి చేసే ఓపిక నాకు లేదు.”